దేశనూరు రేగడిలో పాత చిన్న ట్రాక్టరు

బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో తుంగభద్ర తీరాన ఉన్న దేశనూరు, పెద్ద డ్యాము వచ్చాక వరి నేర్చుకున్న ఊరు కాదు. విజయనగర రాజుల కాలంలో నదికి అడ్డంగా రాతి ఆనకట్టలు కట్టి తవ్వించిన కాలువల్లో కంప్లి, సిరుగుప్ప కాలువలతో పాటు దేశనూరు కాలువ కూడా ఒకటి కావడం వల్ల, ఇక్కడి మళ్ళకు నది నీరు పారడం శతాబ్దాల నాటి సంగతి. 1953లో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము పూర్తయి కుడిగట్టు దిగువ కాలువ అందుబాటులోకి వచ్చాక, ఆ పాత ఆయకట్టు చుట్టూ కొత్త ఆయకట్టు విస్తరించింది; కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చిన తెలుగు రైతులు ఈ ప్రాంతంలో భూములు కొని, క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు సిరుగుప్ప తాలూకా మైసూరు వైపుకూ, పొరుగునున్న ఆదోని తాలూకా ఆంధ్ర వైపుకూ వెళ్ళినా, మనుషుల రాకపోకలు గానీ, ఎడ్ల సంతలు గానీ, ఆ తర్వాత వచ్చిన యంత్రాల క్రయవిక్రయాలు గానీ ఆ గీత దగ్గర ఆగిపోలేదు.

ఇటువంటి చోట పాత చిన్న ట్రాక్టరును పారేయకుండా బాగుచేసుకోవడానికి బలమైన కారణం నేలలోనే ఉంది. నీరు నిలిపిన మడిలో మట్టిని చిలికి, గడ్డలు కరిగించి, నారు నాటడానికి వీలుగా మెత్తని బురదగా మార్చే పనిని దమ్ము చేయడం అంటారు. నల్లరేగడిలో బంకమట్టి పాలు ఎక్కువ కాబట్టి అది తడిస్తే ఉబ్బి జిగురుగా మారుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఏళ్ళ తరబడి దమ్ము చేసిన మడిలో పై బురద కింద కొంచెం గట్టిపడిన పొర ఒకటి తయారవుతుంది. యంత్రం చక్రం నిలదొక్కుకునేది ఆ పొర మీదనే. సుమారు రెండు టన్నుల బరువుండే పెద్ద ట్రాక్టరు ఆ పొరను ఏటా కొంత చీల్చుకుంటూ పోవడం వల్ల మడి లోతై, చివరికి ఏ యంత్రమూ దిగలేని ఊబిగా మారే ప్రమాదం ఉంటుంది. టన్ను కన్నా తక్కువ బరువుండే చిన్న ట్రాక్టరుకూ, అందులో సగం బరువుండే పవర్ టిల్లరుకూ ఉన్న అసలు విలువ ఇది. గట్ల మధ్య ఇరుకు మళ్ళలో తేలికగా తిరగడం, డీజిలు తక్కువ తాగడం ఆ తర్వాతి లాభాలు.

ఈ తేలికపాటి యంత్రాలు దక్షిణ భారతానికి ప్రధానంగా జపాను సాంకేతికత ద్వారా వచ్చాయి. 1967లో బెంగళూరులో మొదలైన వీఎస్‌టీ సంస్థ మిత్సుబిషి సహకారంతో పవర్ టిల్లర్లనూ, తర్వాత మిత్సుబిషి శక్తి పేరుతో చిన్న ట్రాక్టర్లనూ తయారుచేసింది. 1973లో కేరళ ప్రభుత్వ రంగంలో ఏర్పడిన కామ్‌కో సంస్థ కుబోటా నమూనా టిల్లర్లను తెచ్చింది. పవర్ టిల్లరు అంటే రెండు చక్రాల మీద నడిచే యంత్రం, దానికి స్టీరింగు ఉండదు, మనిషి వెనక నడుస్తూనో చిన్న సీటు మీద కూర్చునో రెండు పొడవాటి హ్యాండిళ్ళతో దాన్ని అదుపు చేస్తాడు. మిత్సుబిషి శక్తి వంటి చిన్న ట్రాక్టరు మాత్రం నాలుగు చక్రాలు, 3 సిలిండర్లు, 18.5 హార్స్‌పవర్‌తో పెద్ద ట్రాక్టరుకు అన్ని విధాలా పొట్టి రూపం.

అమెరికాలో చిన్న ట్రాక్టరు వేరే అవసరం కోసం పుట్టింది. ట్రాక్టర్ల తయారీలో పేరుపడిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961లో కబ్ క్యాడెట్ పేరుతో ఇంటి ఆవరణలో నడిచే చిన్న ట్రాక్టరును విడుదల చేసింది, 1963లో జాన్ డీర్ 110 వచ్చింది. అదే 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ మన దేశంలో మహీంద్రాతో చేతులు కలిపి వ్యవసాయ ట్రాక్టర్ల తయారీకి పూనుకుంది. కబ్ క్యాడెట్ తరహా యంత్రానికి వేసవిలో అడుగున గడ్డి కోసే బ్లేళ్ళ పళ్ళెం తగిలిస్తారు, చలికాలంలో దాన్ని విప్పి ముందు భాగాన మంచును తోసే పలకనో, తోడి పక్కకు విసిరే యంత్రాన్నో బిగిస్తారు. మిషిగన్, మిన్నెసోటా వంటి మంచు రాష్ట్రాల్లో అరవై ఏళ్ళు దాటిన ఇటువంటి యంత్రాలను విప్పి, తుడిచి, మళ్ళీ పనిలో పెట్టడం ఇప్పటికీ పెద్ద అభిరుచి. వాటిలో చాలావాటికి ఉన్న కోహ్లర్ ఇంజను ఒకే సిలిండరుతో, పోత ఇనుముతో చేసినది కాబట్టి సిలిండరును మళ్ళీ బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేసుకునే వీలుంది. బోరు కొట్టించడం అంటే అరిగి వంకరపోయిన సిలిండరు గోడను లేత్ షెడ్డులో గుండ్రంగా, నున్నగా కొంచెం వెడల్పు చేయించడం.

మంచుకూ బురదకూ పోలిక లేదనిపించవచ్చు గానీ, యంత్రాన్ని బాగుచేసేవారికి అవి పెట్టే పరీక్ష ఒకటే. రెండు చోట్లా పట్టు దొరకని నేల, లోపలికి చొరబడే నీరు, ఏడాదిలో కొన్ని వారాలే విపరీతమైన పని, మిగతా నెలల్లో పూర్తి విశ్రాంతి. అందువల్ల పాత యంత్రాన్ని కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా చేయడం లక్ష్యంగా పెట్టుకోవడం పొరపాటు. అది ఇప్పుడు ఏ నేలలో, ఏ పని చేయాలో ముందు తేల్చుకుని, ఆ పని నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ ఏ భాగానికి ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించాలి. దేశనూరు ప్రాంతంలో ఆ పని దమ్ము. ఎక్కువమంది డబ్బంతా ఇంజను మీద గుమ్మరించి, ఇరుసును పైపైన తుడిచి వదిలేస్తారు. నల్లరేగడి బురదలో ఇంజను కన్నా ముందు ప్రాణం పోయేది ఇరుసుకే.

బాగుచేత మొదలుపెట్టే ముందు యంత్రాన్ని కడగకూడదు. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది మొదటి నియమం, ఎందుకంటే ఏ జాయింటు దగ్గర దుమ్ము నూనెతో తడిసి ముద్దకట్టిందో, ఏ బోల్టు కింద చార దిగిందో, ఏ చక్రం లోపలి వైపు జిడ్డు చిమ్మిందో ఆ మురికే చూపిస్తుంది. ప్రెజరు పంపుతో కడిగేస్తే ఆ సాక్ష్యం పోతుంది. తర్వాత యంత్రాన్ని ఒక రాత్రంతా కదపకుండా నిలిపి, ఉదయం ఇంజను, గేరు బాక్సు, ఇరుసు గొట్టాల అడుగున ఉండే డ్రెయిన్ బోల్టులను ఒక్కొక్కటిగా, మెల్లగా వదులు చేయాలి. నూనె కన్నా నీరు బరువు కాబట్టి లోపల నీరు చేరి ఉంటే, రాత్రికి అది అడుగుకు దిగి, బోల్టు పూర్తిగా ఊడకముందే నూనె కన్నా ముందుగా కారుతుంది. నూనె పాలు కలిపిన టీ రంగులో వస్తే నీరు అప్పటికే గేర్లలో చిలికి కలిసిపోయిందని అర్థం. అడుగున పట్టిన గిన్నెలో ఇనుప రజను కనిపిస్తే అది సహజమైన అరుగుదల కావచ్చు గానీ, వేలికి తగిలే పెచ్చులు వస్తే మాత్రం బేరింగో గేరు పన్నో విరిగిందని లెక్క.

ఇంజను సంగతి త్వరగా తేల్చవచ్చు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు, గాలిని గట్టిగా నొక్కడం వల్ల పుట్టే వేడికే డీజిలు మండుతుంది. కాబట్టి ఆ నొక్కుడు, అంటే కంప్రెషన్, బాగుంటే ఇంజను బతికి ఉన్నట్టే. పొగ రంగు చాలావరకు రోగం చెబుతుంది: నీలం పొగ నూనె మండుతోందనీ, నల్ల పొగ గాలి చాలడం లేదనో డీజిలు ఎక్కువ పడుతోందనో, వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ డీజిలు సరిగా మండడం లేదనో సిలిండరులోకి నీరు దిగుతోందనో సూచిస్తాయి. నల్ల పొగ చూసి వెంటనే పంపు విప్పించేవారు ముందు గాలి ఫిల్టరు చూడాలి, వరికోతల దుమ్ముతో అది మూసుకుపోయి ఉండడం చాలా మామూలు. డీజిలు పంపునూ నాజిలునూ మాత్రం చెట్టు కింద విప్పకూడదు; వాటి లోపలి భాగాల మధ్య సందు వెంట్రుక కన్నా ఎంతో సన్నం కాబట్టి, వాటిని పరీక్షించే బల్ల ఉన్న ప్రత్యేక షాపుకే పంపాలి. రేడియేటరులో బోరు నీరు పోసీ పోసీ తెల్లని సున్నపు పొర పేరుకుంటుంది, బయట రెక్కల మధ్య వరి ఊక ఇరుక్కుంటుంది. రెండూ కలిస్తే మే నెల ఎండలో ట్రక్కు లాగుతున్న ఇంజను వేడెక్కి హెడ్ గాస్కెట్ కాలిపోవడానికి ఎక్కువసేపు పట్టదు.

ఇరుసు దగ్గర మాత్రం ఆగి చూడాలి. దమ్ములో టైర్లు జారిపోతాయి కాబట్టి వాటి స్థానంలోనో, వాటి పక్కనో ఇనుప పట్టీలతో పంజరంలా చేసిన చక్రాలు బిగిస్తారు, వీటినే కేజ్‌వీల్స్ అంటారు. ఇవి బురదను పట్టుకుని తోస్తాయి, కానీ టైరుకు ఉండే సాగుడు గుణం వీటికి లేకపోవడం వల్ల ప్రతి కుదుపూ నేరుగా ఇరుసు బేరింగు మీద పడుతుంది. పైగా చక్రం ఇరుసు కొన నుంచి ఎంత బయటికి జరిగితే ఇరుసును వంచే బలం అంత పెరుగుతుంది. ఇరుసు దాని గొట్టం నుంచి బయటికి వచ్చే చోట, లోపలి నూనె బయటికి పోకుండా, బయటి నీరు లోపలికి రాకుండా అడ్డుకునేది ఆయిల్ సీలు అనే రబ్బరు కట్టు. దాని సన్నని లోపలి అంచు ఇరుసును చుట్టూ ఒత్తి పట్టుకుని ఉంటుంది. బేరింగు వదులై ఇరుసు కొద్దిగా ఊగడం మొదలైతే ఆ అంచు ఒక వైపు నలిగి, మరో వైపు తెరుచుకుంటుంది. ఆ సందులోంచి మొదట నూనె కారుతుంది, ఆ తర్వాత బురద నీరు లోపలికి వెళ్తుంది.

బేరింగు గట్టిగా ఉన్నా నీరు దూరే దారి మరొకటి ఉంది, దాన్ని గుర్తించేవారు తక్కువ. పని మీద ఉన్న ఇరుసు గొట్టం వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ వేడి మీద యంత్రం చల్లని కాలువ నీటిలోకి దిగగానే గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి లోపల పీల్పు పుడుతుంది. ఆ పీల్పును తీర్చడానికే ఇరుసు గొట్టం పైభాగాన గాలి ఆడే చిన్న రంధ్రం, దానిపైన ఒక మూత ఉంటాయి, దాన్ని బ్రీదర్ అంటారు. అది బురదతో పూడిపోయినా, రంగు కొట్టేటప్పుడు మూసుకుపోయినా గాలి పైనుంచి రాలేక, ఆ పీల్పు సీలు అంచు దగ్గరి నుంచి నీటిని లోపలికి లాగుతుంది. ఒక సన్నని తీగతో నిమిషంలో శుభ్రం చేయగల ఆ రంధ్రాన్ని వదిలేసినందుకు ఒక పూర్తి బేరింగు జత పోతుంది. యంత్రం బాగుచేసినవారు ముందు ఈ రంధ్రం ఎక్కడుందో యజమానికి చూపించడం బాధ్యతగా పెట్టుకోవాలి.

కొత్త సీలు వేసినా కారడం ఆగడం లేదన్న ఫిర్యాదుకు కారణం సాధారణంగా సీలులో ఉండదు. ఏళ్ళ తరబడి రబ్బరు అంచు, దానికి అంటుకున్న ఇసుక కలిసి ఇరుసు చుట్టూ సన్నని గాడిని కోసి ఉంటాయి; తుడిచిన ఇరుసు మీద బొటనవేలి గోరును పొడవునా జరిపితే అది ఆ గాడిలో తట్టుకుంటుంది. గోరు తట్టుకున్న ఇరుసు మీద ఎంత ఖరీదైన సీలు వేసినా దండగే. గాడి లోతు తక్కువైతే, గూడులో చోటుంటే కొత్త సీలును కొద్దిగా లోపలికో బయటికో జరిపి, దాని అంచు అరగని చోట కూర్చునేలా బిగించవచ్చు; లోతు ఎక్కువైతే ఇరుసు మీద పలుచని ఉక్కు తొడుగు ఎక్కించడం మంచిది. గాడిని వెల్డింగుతో నింపి లేత్ మీద తీయించే పద్ధతి సిరుగుప్ప, ఆదోని, బళ్ళారి వంటి పట్టణాల షెడ్లలో వాడుకలో ఉంది గానీ, గట్టిపరచిన ఉక్కు ఆ వేడికి పెళుసై, దమ్ము మధ్యలో అక్కడే విరిగే ప్రమాదముంది కాబట్టి దాన్ని వేరే దారి లేనప్పుడే ఒప్పుకోవాలి. టిల్లరులో మట్టిని చిలికే కత్తుల షాఫ్టుకూ ఇటువంటి సీళ్ళే ఉంటాయి. మడిలో మిగిలిన గడ్డి, ఎరువు సంచుల దారాలు ఆ షాఫ్టుకు చుట్టుకుని, లోపలికి జరిగి సీలును కోసేస్తాయి. రోజూ పని ముగిశాక ఆ చుట్టలను కోసి తీయడం కన్నా చవకైన మరమ్మతు లేదు.

నాటు అయ్యాక, కోతల తర్వాత అదే యంత్రానికి రెండో కొలువు దొరుకుతుంది. కోత మిషను వెళ్ళిన మడిలో నిలిచిన మోళ్ళను, గట్ల మీద పెరిగిన గడ్డిని కోయడానికి చిన్న ట్రాక్టరు వెనక స్లాషరు తగిలించవచ్చు. అడ్డంగా వేగంగా తిరిగే బరువైన బ్లేళ్ళున్న ఈ పరికరం అమెరికా తోటల్లోని గడ్డి కోసే పళ్ళేనికి మోటు రూపం. దీనికి తిరుగుడు అందేది ట్రాక్టరు వెనక పొడుచుకుని ఉండే పీటీవో షాఫ్టు నుంచి. దాని ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు. పంచె కొంగో, కండువా అంచో దానికి తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. పాత యంత్రాల్లో చాలావరకు ఆ షాఫ్టు మీద ఉండాల్సిన రేకు కవచం ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. బాగుచేసే పనిలో దాన్ని తిరిగి బిగించకపోతే ఆ పని పూర్తయినట్టు కాదు.

ప్రమాదాల్లో మరో రెండు ఈ నేలకు ప్రత్యేకమైనవి. వెనక చక్రాలు ఊబిలో కదలకుండా ఇరుక్కున్నప్పుడు ముందుకే పోవాలని ఇంజను వేగం పెంచితే, చక్రం తిరగలేక ట్రాక్టరు శరీరమే ఇరుసు చుట్టూ తిరిగి, ముందు భాగం పైకి లేచి నడిపేవారి మీద పడుతుంది. చక్రాల ముందు దుంగ అడ్డం కట్టి ఎక్కించే అలవాటు ఈ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. వెనక్కి తీయడం, కుదరకపోతే మరో ట్రాక్టరుతో లాగించడం సురక్షితం. పవర్ టిల్లరుది వేరే చిక్కు. దాని హ్యాండిలు కింద ఉండే ఎడమ మీట నొక్కితే ఎడమ చక్రానికి ఇంజను బలం తెగిపోయి, కుడి చక్రం తోపుతో యంత్రం ఎడమకు తిరుగుతుంది. కానీ ఎత్తైన గట్టు దిగేటప్పుడు ఇంజను యంత్రాన్ని తోయదు, ఆపి పట్టుకుంటుంది. అప్పుడు ఎడమ మీట నొక్కితే ఎడమ చక్రం పట్టు వదిలి జారి, యంత్రం కుడికి తిరుగుతుంది. కొత్తగా టిల్లరు పట్టినవారికి ఈ ఒక్క విషయం కాలువ గట్టు మీదికి వెళ్ళకముందే నేర్పాలి.

సరిహద్దు జిల్లాలో పాత యంత్రం కొనేవారికి కాగితాల పని కూడా బాగుచేతలో భాగమే. ఆదోని వైపు నుంచి తెచ్చిన ట్రాక్టరు ఆంధ్ర నంబరుతో ఉంటే, అక్కడి రవాణా అధికారుల నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, 12 నెలలు మించి కర్ణాటకలో ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు అప్పు తీరినట్టు ఆర్‌సీలో నమోదైందో లేదో చూడాలి. ఛాసిస్ నంబరూ, ఇంజను నంబరూ ఆర్‌సీతో సరిపోలాలి కాబట్టి తుప్పు గీకేటప్పుడు ఆ అంకెలు చెరిగిపోకుండా, రంగు కొట్టేటప్పుడు మూసుకుపోకుండా కాపాడాలి. కేజ్‌వీల్స్ తారు రోడ్లను కోసేస్తాయి, వాటితో రోడ్డెక్కినవారికి అధికారులు జరిమానాలు వేస్తున్నారు. కాబట్టి పొలం దగ్గర చక్రాలు మార్చుకునే జాకీ, పానాలు కొత్త రంగు కన్నా ముందు కొనవలసిన సామాను.

ఏ యంత్రాన్ని వదిలేయాలో చెప్పడం కూడా అవసరం. గేరు బాక్సు పోత గూడు పగిలి ఉన్నా, విడిభాగాలు దొరకని మోడలైనా, క్రాంకు షాఫ్టు ఇంతకుముందే చివరి కొలతకు సానపట్టి ఉన్నా దాని మీద డబ్బు పెట్టడం కన్నా విడిభాగాల కోసం ఉంచుకోవడం మేలు. ఒకే మోడలువి రెండు పాత యంత్రాలు కొని ఒకటి నిలబెట్టుకోవడం చాలాసార్లు చవక అవుతుంది.

బాగుచేసిన యంత్రాన్ని నేరుగా దమ్ములోకి దించకూడదు. వేసవిలో కాలువ కట్టేసిన నెలలే ఈ పనికి అనువైనవి, ఎందుకంటే నీరు వదిలే లోపు పొడినేల మీద, తేలికపాటి బరువులతో కొన్ని రోజులు నడిపే వ్యవధి అప్పుడే దొరుకుతుంది. కొత్త పిస్టన్ రింగులు సిలిండరు గోడకు కుదురుకోవాలంటే ఇంజనును గంటల తరబడి ఖాళీగా తిప్పడం సరికాదు, మధ్యస్థమైన బరువు పెట్టి, వేగం మారుస్తూ నడపాలి. సుమారు 50 గంటల తర్వాత ఇంజను నూనెతో పాటు గేరు బాక్సు, ఇరుసు నూనె కూడా మార్చి, కారిన నూనె రంగును మళ్ళీ గిన్నెలో పరిశీలించాలి. కాలువ నీరు వచ్చాక మొదటి మడి దమ్ము చేసి బయటికి తీసిన సాయంత్రం చక్రం కప్పు మీద చెయ్యి పెట్టి రెండు వైపుల వేడినీ పోల్చి చూడాలి. ఒక వైపు ఎక్కువగా కాలుతుంటే ఆ వైపు బేరింగు బిగుతు తప్పిందన్నమాట. రెండో మడికి పోకముందే, అప్పుడే విప్పించి సరిచేయించాలి.